పిల్లి యెదకు వచ్చుట: గుర్తెఱుగు విధము



నేడు నేను ప్రసంగింప బూనుకొన్న విషయమును విన్నంతనే మీలో గొందఱు చిఱునవ్వు నవ్వుదురు. ముప్పదిమూడేండ్లు పిల్లలకు వ్యాకరణము బోధించి విశ్రాంతి గైకొనిన పంతులు, పిల్లలను విడిచి పిల్లులను బట్టెనా యని యందురు. అందురు గాక! ఆవు ఎదకు వచ్చినచో దాని గుర్తులను మీకు నేను జెప్ప నక్కఱలేదు. తోడి పశువుపై నెక్కుట, మేత మానుట, మాటిమాటికి నఱచుట, మానమునుండి తీగవలె జిగట జాఱుట, ఇవన్నియు పొలముగట్టున నిలిచి చూచినను మీకు దెలియును. తెలిసి, తగిన సమయమున దానిని ఆబోతు కడకు గాని పశువైద్యుని కడకు గాని తోలుకొని పోవుదురు.

కాని మీ గాదెల క్రిందను అటుకల మీదను తిరుగుచు, ఎలుకలను బట్టి మీ ధాన్యమును గాపాడుచున్న పిల్లి యెదకు వచ్చినపుడు దాని గుర్తు లెఱిగినవారు మిక్కిలి యరుదు. దానికి రోగము వచ్చిన దనియో, పిచ్చి యెత్తిన దనియో, ఇంటికి గీడు మూడిన దనియో తలచుదురు. అట్టి తలపు ఒక నోరులేని ప్రాణికి మృత్యువైన సంగతిని నా యింటనే, నా చేతిమీదుగనే చూచితిని. ఆ తప్పు మఱియొకరి యింట జరుగకుండుటకే యీ ప్రసంగము.

నా నివాసము హైదరాబాదు పాతబస్తీలో, 1591వ సంవత్సరమున మహమ్మదు కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినారునకు బడమటి వైపున, లాడ్ బజారు గాజుల యంగళ్ల వెనుక నొక సందులో నున్నది. అచటి యిండ్లు ఒకదాని కొకటి యానుకొని యుండును. పిల్లి యొక మిద్దెపైనుండి మఱియొక మిద్దెపైకి నేల దిగకయే సందు చివరిదాక పోగలదు. దాపుననే మహబూబ్ చౌక్ కలదు. కోళ్లను పిట్టలను విక్రయించుటచేత జనులు దానికి ముర్గీచౌక్ అను పేరు పెట్టిరి. మాంసపు దుకాణములు, పాలకొట్లు, గింజల కొట్లు ఉన్నచోట ఎలుకలు చేరును. ఎలుకలున్నచోట పిల్లులు చేరును. పిల్లికి ఆఖుభుక్కు అని అమరకోశమున నొక పేరు. ఎలుకను దినునది యని దాని యర్థము. మా సందులో ఆ పేరు సార్థకము. మీ యూరి పిల్లికిని మా సందు పిల్లికిని స్వభావమున భేదమేమియు లేదు. కనుక నేనచట జూచినది మీకును పనికివచ్చును.

2009వ సంవత్సరమున, వేసవి మొదలగు దినములలో, మా యింట నొక బూడిదవన్నె యాడుపిల్లి యుండెను. కండ్లు తెఱచిన కొలది దినములకే మా గుమ్మమున జేరినది. అప్పటికి దానికి ఏడెనిమిది మాసముల వయస్సు. ఒకనాటి రాత్రి అది మునుపెన్నడు వినని వింత గొంతుతో నఱవసాగెను. ఆ కూత పసిబిడ్డ యేడుపువలె దీర్ఘముగా సాగి, తగ్గి, మరల హెచ్చుచుండెను. నేలపై బడి యటునిటు పొరలెను. ముందు కాళ్లను వంచి ఱొమ్మును నేల కానించి, వెనుక భాగమును పైకెత్తెను. పాలు పెట్టిన ముట్టలేదు. తెల్లవాఱినను అదే వరుస. నా యిల్లాలు "పాపము, దీనికి కడుపునొప్పి కాబోలు" నన్నది. నాకు నట్లే తోచినది. మనుష్యులు జ్వరమునకు మ్రింగు పారాసిటమాలు మాత్ర యింట నుండగా, దానిని విఱిచి, సగము నూఱి పాలలో గలిపి, బలవంతముగా దానిచే ద్రావించితిని.

సాయంకాలమునకు దాని ముఖము వాచెను. చిగుళ్లు మట్టిరంగు తిరిగెను. నోరు తెఱచి రొప్పసాగెను. పశువైద్యశాలకు గొనిపోవ గంపలో బెట్టుకొని బయలుదేరితిని గాని, దారిలోనే అది ప్రాణము విడిచినది. వైద్యుడు చూచి, జరిగినదంతయు నడిగి, తల యూచి చెప్పిన మాట నాకు నేటికిని జ్ఞప్తియందున్నది. ఆ మందును విఱిచి బయటికి బంపు శక్తి పిల్లి కాలేయమునకు మిక్కిలి స్వల్పమట. మనకు మేలుచేయు మాత్రయే దాని రక్తమును జెఱచి, ప్రాణవాయువును మోయు గుణమును పోగొట్టునట. పిల్లికి వచ్చినది రోగము కాదు. దానిని జంపినది నా యజ్ఞానము.

మా ప్రక్కయింట ఎనుబది యేండ్లు దాటిన ముసల్మాను వృద్ధురా లొకరుండిరి. సందులోని వారందఱు ఆమెను నానీమా యని పిలుచుచుండిరి. ఇస్లాము సంప్రదాయమున పిల్లి మూతి పెట్టిన నీరు అశుచి గాదనుట చేత, పాతబస్తీ యిండ్లలో పిల్లులకు చనువు మెండు. ఆమె యింట నెప్పుడును రెండు మూడు పిల్లు లుండెడివి. నేను జరిగినది చెప్పగా ఆమె కంట నీరు పెట్టుకొని, దక్కనీ ఉర్దూలో నన్ను మాస్టర్ సాబ్ అని సంబోధించి చెప్పిన మాటల తాత్పర్య మిది: "దానికి రోగమేమియు లేదు. అది యీడు వచ్చిన పిల్ల. గండుపిల్లిని బిలుచుచుండెను. ఇన్ని పుస్తకములు చదివితిరి, ఒక్కమాఱు గోడ యవతలనుండి నన్ను బిలిచి యడుగ రాదా?"

ఆ మాటకు నాయొద్ద బదులు లేకపోయెను.

మఱుసటి యేడు ఆమెయే తన యింటి పిల్లలలో నొకదానిని, తెల్లని దానిపై నల్లని మచ్చలు గలదానిని, నా కిచ్చినది. ఈసారి నేను విద్యార్థినైతిని. ఆమె చెప్పినదానిని, వైద్యుడు చెప్పినదానిని విని, పిల్లిని దినదినమును గనిపెట్టి, గోడకు వ్రేలాడు పంచాంగము అంచున తిథిప్రక్కనే గుర్తు వేయసాగితిని. ఆ గుర్తులనే మీకిపుడు క్రమముగా విన్నవింతును.

మొదటి గుర్తు చనువు హెచ్చుట. ఎద నిండుగా రాకమునుపు ఒకటి రెండు దినములు పిల్లి మనుష్యులను విడిచి యుండదు. తలను, చెక్కిళ్లను మన కాళ్లకు, తలుపు వాకిళ్లకు, మంచపుకోళ్లకు రాచుకొనుచుండును. ముభావముగా నుండు పిల్లి సయితము ఒడిలోనికి వచ్చును. "దీనికి నేడు ప్రేమ పొంగిన" దని మనము సంతసింతుము. అది రానున్నదానికి సూచన.

రెండవ గుర్తు కూత. ఆకలికి నఱచు కూత పొట్టిది; అన్నము పెట్టగనే యాగును. ఎద కూత దీర్ఘమైనది, బొంగురైనది, ఎడతెగనిది. అన్నము పెట్టినను, ఒడిలోనికి దీసికొన్నను ఆగదు. రాత్రివేళ మఱింత హెచ్చును. దూరముననున్న గండుపిల్లులకు తన యునికి తెలుపుటయే దాని ప్రయోజనము. అన్ని పిల్లులు ఒక్క తీరున నఱవవు. కొన్ని మెల్లగా గునియుచుండును. కొన్ని సందంతయు మేల్కొనునట్లు అఱచును.

మూడవ గుర్తు పొరలుట. నేలపై ప్రక్కకు వ్రాలి, వెల్లకిలబడి, అటునిటు దొర్లుచుండును. నన్ను మోసపుచ్చినది యిదియే. నొప్పిచే దొర్లు ప్రాణిని ముట్టుకొన్నచో వెనుకకు ముడుచుకొనును, కఱవ వచ్చును. ఎదచే దొర్లు పిల్లిని ముట్టుకొన్నచో మఱింత దగ్గఱకు వచ్చును, చేతికి తల యానించును. ఈ భేదమును గట్టిగా జ్ఞప్తియందుంచుకొనవలెను.

నాలుగవ గుర్తు అన్నిటిలో దృఢమైనది. పిల్లి వీపుపై, తోక మొదలునకు గొంచెము ముందు, అరచేతితో మెల్లగా నిమిరి చూడవలెను. ఎదలో నున్న పిల్లి వెంటనే ముందు కాళ్లు వంచి ఱొమ్మును నేల కానించును. నడుమును లోనికి వంచి వెనుక భాగము నెత్తును. తోకను ఒక ప్రక్కకు దొలగించును. వెనుక కాళ్లతో, అడుసు త్రొక్కునట్లు, ఉన్నచోటనే అడుగులు వేయును. ఈ నాలుగు చేష్టలు కలిసి కనబడినచో సందేహింప బనిలేదు. ఒక్కమాఱు నిమిరి చూచుట చాలును. వినోదమునకై మాటిమాటికి చేయరాదు.

ఐదవ గుర్తు నిలుకడ లేకుండుట. కాలుగాలిన పిల్లి యని మనవారు సామెతగా నందురు గదా! ఎదకు వచ్చిన పిల్లి నిజముగా నట్లే తిరుగును. వాకిలి కడకు బోవును, కిటికీ యెక్కును, సందు దొరికిన చాలు బయటికి దూఱును. ఎన్నడును గడప దాటని పిల్లియు మిద్దె యెక్కి మాయమగును. తిండి తగ్గును. కొన్ని పిల్లులు మాటిమాటికి కొద్దికొద్దిగా మూత్రము విడుచును; గోడలపై చిమ్ముటయు గలదు. ఆ వాసనయే గండుపిల్లులకు ఆహ్వానపత్రము. మా పిల్లి యెదకు వచ్చిన రెండవనాటి రాత్రికి, మునుపెన్నడు చూడని మూడు గండుపిల్లులు మా పిట్టగోడపై గూర్చుండి యొకదానినొకటి చూచి గుఱ్ఱుమనుచుండెను. లోపల నున్న పిల్లి సంగతి తెలియనివానికైనను, బయట జేరిన యీ సభను జూచినచో విషయము బోధపడవలెను.

ఇక ఉండరాని గుర్తును గూడ చెప్పవలెను. ఆడుకుక్క యెదకు వచ్చినపుడు రక్తస్రావము కనబడును. పిల్లి కట్లు కాదు. ఎదలో నున్న పిల్లికి కంటికి గనబడునంత రక్తము గాని, చీము గాని రాదు. వచ్చినచో అది యెద కాదు, రోగము. వెంటనే వైద్యునకు జూపవలెను.

కాలమును గూర్చి రెండు మాటలు. ఆడుపిల్లి సామాన్యముగా ఐదాఱు మాసముల వయస్సున మొదటిసారి యెదకు వచ్చును. నాలుగు మాసములకే వచ్చినవియు, పది మాసములు దాటి వచ్చినవియు గలవు. "ఇంకను పసిపిల్ల గదా" యని యూరకుండుట పొరపాటు. ఎద సుమారు ఒక వారముండును. కొన్నిటికి మూడు నాలుగు దినములే, కొన్నిటికి రెండు వారములు. మా పిల్లికి మొదట ఆఱు దినములుండి తగ్గెను. పోయినదని నేను నిశ్చింతగా నుండగా, పదుమూడు దినములు గడచిన పిమ్మట మరల మొదలిడెను. పంచాంగమున గుర్తు లేకున్నచో నేనది క్రొత్త రోగమనియే తలచియుందును.

ఇట్లు మరల మరల వచ్చుటకు గారణము కలదు. ఆవునకు ఎద తీరిన కొన్ని గంటలకు, ఆబోతుతో గూడినను గూడకున్నను, అండము తనంతట విడుదల యగును. ఇరువదియొక్క దినములకు మరల ఎద వచ్చును. పిల్లికి అండము సామాన్యముగా గండుపిల్లితో గూడిన పిమ్మటనే, ఒకటి రెండు దినములలో విడుదల యగును. కూడనిచో ఎద యణగి, రెండు మూడు వారములలో దిరిగి వచ్చుచునే యుండును. అందుచేతనే గదిలో బంధింపబడిన పిల్లి నెల తిరుగక మునుపే మరల నఱచును. అది మొండితనము గాదు; దాని శరీరధర్మము.

ఈ ధర్మము వెలుతురు ననుసరించి నడచును. పగటికాలము పెరుగుచున్న దినములలో ఎద హెచ్చు. పగళ్లు కుఱుచయైనచో తగ్గును. చలిదేశములందు శీతకాలమున పిల్లులు చాలవఱకు ఎదకు రావు. మన దేశమున పగటికిని రాత్రికిని భేదము స్వల్పము గనుక సంవత్సరమున ఏ మాసముననైనను రావచ్చును. ఇంట విద్యుద్దీపములు చాలసేపు వెలుగుచుండిన నది మఱింత సహజము. రంజాను మాసమున తెల్లవాఱువఱకు దీపములు వెలుగు మా చార్మినారు వీథులలో పిల్లికి రాత్రి యెక్కడిది?

ఇపుడు అపశకునమను మాటకు వత్తును. పిల్లి యేడ్చినచో ఆ యింట జావు గలుగునని మనలో జాలమంది నమ్మిక. శకునగ్రంథములను నేనును జదివినవాడనే. కనుక పరిహసించుటకు జెప్పుట లేదు. ఒక్క సంగతి యాలోచింపుడు. ఇంట రోగి యున్నపుడు ఇంటివారు రాత్రియంతయు మేల్కొని యుందురు. మేల్కొన్నవారికే పిల్లి కూత వినబడును. తెల్లవాఱునప్పటికి రోగి కన్ను మూసినచో ఆ కూతయే మనస్సున నాటుకొనును. కూత వినబడియు ఏమియు జరుగని రాత్రులను ఎవరు లెక్కించిరి? నా పంచాంగమున ఒక్క యేటిలో పిల్లి యఱచిన రాత్రులు నలువదికి మించియున్నవి. ఆ యేడు మా యింట మరణము లేదు. నా కూతునకు వివాహమైనది. అట్లని పిల్లి కూత శుభమనియు నేను జెప్పను. అది మనలను గూర్చినది కానే కాదు. పిల్లి పిల్లిని బిలుచుటయే.

గండుపిల్లితో గూడి విడివడునపుడు ఆడుపిల్లి యొక్కమాఱు తీవ్రముగా గెవ్వుమని, దానిపైబడి గోళ్లతో గొట్టి, పిమ్మట నేలపై బొరలును. చూచువారు ప్రాణములు పోవుచున్నవని రాళ్లు ఱువ్వుదురు, వేడినీళ్లు చల్లుదురు. అదియు స్వభావమే. నడుమ జేయి పెట్టరాదు. పెట్టి కఱపించుకొన్నచో గాయమును సబ్బుతో, పాఱు నీటితో పావుగంటసేపు కడిగి, వెంటనే ఆసుపత్రికి బోవలెను. వెఱ్ఱికుక్క కాటువలెనే పిల్లి కాటువలనను రేబిసు వ్యాధి రావచ్చును.

అయినను పిల్లి యఱచినప్పుడెల్ల ఎదయే యనుకొనుటయు అపాయమే. కొన్ని భేదములను గమనింపవలెను. మూత్రమునకు గూర్చుండి ముక్కుచు, చుక్క రాక యఱచుచున్నచో మూత్రము బంధించినదని యర్థము. మగపిల్లులలో నిది హెచ్చు; ఒకటి రెండు దినములలోనే ప్రాణము దీయును. ఆడుపిల్లి ఎద తీరిన కొన్ని వారములకు, అతిగా నీరు త్రాగుచు, మందముగా బడియుండి, పొట్ట యుబ్బి, క్రిందనుండి దుర్వాసన గల చీము కాఱుచున్నచో గర్భసంచి చెడినదని గ్రహింపవలెను. ముసలిపిల్లి రాత్రులందు ఊరక యఱచుచు, బాగుగా దినియు చిక్కిపోవుచున్నచో దానికిని వేఱు వ్యాధి యుండును. జ్వరము, వాంతి, కుంటుట, ముట్టినచో దూరముగా దొలగుట, ఒక మూల నక్కుట, ఇవి రోగలక్షణములు. దగ్గఱకు వచ్చుట, రాచుకొనుట, తోక ప్రక్కకు దీయుట ఎద లక్షణములు. సందేహమున్నచో నిర్ణయము వైద్యునిదే గాని పంతులుది గాదు.

ఎద యని తెలిసిన పిమ్మట జేయగూడనివి నాలుగు. మనుష్యుల మందు లేవియు నీయరాదు. కొట్టరాదు, నీళ్లు గ్రుమ్మరింపరాదు. కొట్టినంత మాత్రమున ఎద యాగదు. త్రాటితో మెడకు గట్టరాదు. పెనగులాడి యురి బిగియును. ఎవరో చెప్పిరని ఎద నాపు మాత్రలను అంగడిలో గొని వేయరాదు. అవి గర్భసంచికి, పాలరొమ్ములకు రోగములు దెచ్చుట కలదు.

చేయదగినవి సులభములు. పిల్లలు వలదనుకొన్నచో ఎద తీరుదాక పిల్లిని గాలి వచ్చు నొక గదిలో నుంచి, తలుపులు, కిటికీలు, మిద్దె మెట్ల త్రోవ మూయవలెను. నీరు, కొద్దికొద్దిగా నాహారము, మలమూత్రములకు ఇసుక పోసిన తట్ట పెట్టవలెను. అఱచుచున్నపుడు మెల్లగా బలుకరింపవలెను. ఇంటివారికి వారము దినములు నిద్ర చెడును, సహింపవలసినదే. ఇది వాయిదా వేయుటయే గాని పరిష్కారము గాదు. రెండు మూడు వారములలో కథ మరల మొదటికి వచ్చును.

నాకు మూడవ ఎదలో నిట్లే జరిగినది. తెల్లవాఱుజామున పాలవాడు వచ్చి తలుపు తట్టగా, తెఱచిన రెప్పపాటులో పిల్లి మిద్దె యెక్కినది. రెండు దినములకు దిరిగి వచ్చినది. పంచాంగమున లెక్క పెట్టుచు వచ్చితిని. అఱువదినాలుగవ నాడు నా పాతపుస్తకముల పెట్టెలో నాలుగు పిల్లలను బెట్టినది. పిల్లి గర్భకాలము అఱువదిమూడు దినములకు అటునిటుగా నుండును. ఒక్క కాన్పు పిల్లలకే వేర్వేఱు తండ్రులుండుటయు గలదు. నాలుగు పిల్లలు నాలుగు వన్నెలుగా నున్న నాశ్చర్యపడ బనిలేదు. తల్లి వానిని మెడ పట్టుకొని ఏడిండ్లు త్రిప్పెను. పిల్లలు పాలు మానకమునుపే, ఏడవ వారమున, అది మరల దీర్ఘముగా నఱవగా నేను నిశ్చేష్టుడనైతిని. పాలిచ్చు తల్లి యెదకు రాదని మనము నమ్ముదుము. పిల్లి విషయమున నా నమ్మకము చెల్లదు.

ఇచట లెక్క చూడుడు. ఏటికి మూడు కాన్పులు, కాన్పునకు నాలుగు పిల్లలు అనుకొన్నను పండ్రెండు. వానిలో ఆడుపిల్లలు కొలది మాసములకే తాము తల్లులగును. ఇంత సంతతికి అన్నమెవరు పెట్టుదురు? పెట్టలేక జనులు చేయునది మీకు దెలియును. కండ్లు తెఱవని పిల్లలను గోనెలో గట్టి చెఱువుగట్టున విడుచుట, బజారులో వదలుట. మూసీ యొడ్డున నట్టి గోనె నొకదానిని నేనే విప్పితిని. అందులో ప్రాణముతో నున్నది ఒక్కటే. చేసినవారు క్రూరులని నేననను. ఎదను ముందుగా గుర్తింపలేక, తరువాత దిక్కుతోచక చేసిన పని యది.

శాశ్వతమైన మార్గము శస్త్రచికిత్స. పశువైద్యుడు మత్తుమందిచ్చి అండాశయములను, గర్భసంచిని తొలగించును. మొదటి ఎద రాకమునుపే, ఐదు మాసముల ప్రాంతమున జేయించుట శ్రేష్ఠము. ఆఱు మాసములలోపల జేయించిన పిల్లులకు రొమ్ము పుండ్ల భయము నూటికి తొంబది పాళ్లు తగ్గునని పరిశోధకులు లెక్కగట్టిరి. ఎదలో నున్నపుడు రక్తము హెచ్చుగా బ్రసరించుచుండును గనుక, చాలమంది వైద్యులు ఎద తీరిన పిమ్మట రమ్మందురు. ఇందుకై ఎద యెప్పుడు మొదలై యెప్పుడు తీరినదో మీరు గుర్తు పెట్టి చెప్పగలుగుట వైద్యునకు గొప్ప సహాయము. కుట్లు మానుదాక పది పదునాలుగు దినములు ఇంటిలోనే యుంచి, వానిని నాకకుండ జూచుకొనవలెను.

"అట్లు చేసిన పిల్లి యెలుకలను బట్టునా?" అని మీ ప్రశ్న. మా సందులోని గింజల కొట్టువాడును నన్నిదే యడిగెను. వేట పిల్లికి కడుపుతో బుట్టిన విద్య. అది గర్భసంచిలో లేదు. మా పిల్లికి 2011వ సంవత్సరమున చికిత్స చేయించితిని. ఆ తరువాత పదేండ్లు అది ఆ కొట్టులో ఎలుకను నిలువనీయలేదు. అఱచి తిరుగు తిరుగుడు లేకపోవుటచే నింటిపట్టుననే యుండెను. తిండి హెచ్చయినచో కొంత బలియును, అది చూచుకొనవలెను. నానీమా తన పిల్లులను గూడ గంపలో బెట్టి నాతో బంపినది. మిద్దెలపై రాత్రి యుద్ధములు తగ్గినవి. ఆమె 2014వ సంవత్సరమున స్వర్గస్థురాలైనది. ఆ రాత్రి మా సందులో నే పిల్లియు నఱవలేదు.

పెద్దలారా! మీ మాట యూరిలో జెల్లును. ఎవరి యింటనైనను పిల్లి దీర్ఘముగా నఱచుచున్న దనియు, కఱ్ఱ దీసికొని తఱుముచున్నా రనియు మీకు దెలిసినచో, ఒక్కసారి యచటికి బోయి యాపుడు. దాని వీపు నిమిరి చూడుడు. తోక ప్రక్కకు దొలగెనా, రోగము గాదని చెప్పుడు. చేయి తగులగనే ముడుచుకొనెనా, వైద్యుని కడకు బంపుడు. గోడమీది పంచాంగమున నొక గీత గీయుమనుడు. మందుల పెట్టెను మాత్రము తెఱువవలదని గట్టిగా జెప్పుడు. నాకా మాట చెప్పువారు ప్రక్కయింటనే యుండిరి; నేనడుగలేదు. మీ యూరివారు అడుగకమునుపే మీరు చెప్పుదురు గాక.